పది గంటల చర్చ సరే, ఆదోని సీజన్ కార్మికుడి సంగతేంటి?

కార్మిక చట్టాల పేరెత్తితే ఇప్పుడు అందరి నోటా పది గంటల మాటే. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫ్యాక్టరీల చట్టానికి, దుకాణాలు-సంస్థల చట్టానికి సవరణలు ఆమోదించింది. అదే ఏడాది నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. పని గంటలు పెరిగితే ఏమవుతుందని కార్మిక సంఘాలు, పెట్టుబడులు వస్తాయని ప్రభుత్వం ఎవరి వాదన వాళ్లు వినిపిస్తున్నారు.

ఆదోని, ఎమ్మిగనూరు కుటుంబాలకు ఈ చర్చ అవసరమే. కానీ పత్తి, వేరుశనగ మీద బతికే ఈ పట్టణాలకు అంతకంటే ముఖ్యమైన వాక్యం ఒకటి పాత చట్టంలో ఉండేది. కొత్త కోడ్‌లోకి కూడా అలాగే వచ్చింది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. జిన్నింగ్ మిల్లులో చేయి పోగొట్టుకున్న మనిషికి ఈఎస్ఐ ఎందుకు రాదో, రాకపోతే ఏం వస్తుందో తేల్చేది ఆ వాక్యమే.

పది గంటల్లో ఏముంది?

ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదు. రాష్ట్ర సవరణ రోజు పరిమితిని 10 గంటలకు పెంచింది. విరామం లేకుండా వరుసగా చేసే పనిని 5 గంటల నుంచి 6 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచారు. మహిళలు ఒప్పుకుంటే, రవాణా, భద్రత ఏర్పాట్లు ఉంటే రాత్రి షిఫ్టులకు అనుమతిస్తారు.

అయితే వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. ఆ పైన చేసే పనికి రెట్టింపు కూలి అన్న నియమమూ ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఆరు రోజులు పది గంటల చొప్పున పని చేస్తే 60 గంటలు. అందులో 12 గంటలు ఓవర్‌టైమ్. ఎనిమిది గంటల పనికి రోజు కూలి 500 రూపాయలు అనుకుంటే గంటకు 62.50, రెట్టింపు 125. అంటే ఆ వారం అదనంగా 1,500 రూపాయలు చేతికి రావాలి. ఇంకో సంగతి, వారానికి 12 గంటల చొప్పున 13 వారాలు చేయిస్తే 156 గంటలు అవుతాయి. కొత్త పరిమితి 144 కూడా దాటిపోతుంది. కాబట్టి సీజనంతా అందరినీ రోజూ పది గంటలు నిలబెట్టడానికి ఈ సవరణలో కూడా వీలు లేదు.

కేంద్ర కోడ్ ఇంకో మాట చెబుతోంది. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్య కోడ్‌లో రోజుకు 8 గంటలు అనే రాశారు. ఆపైన చేయించాలంటే కార్మికుడి ఒప్పుకోలు ఉండాలి, రెట్టింపు కూలి ఇవ్వాలి. రాష్ట్రం సవరించిన 1948 చట్టమేమో ఇప్పుడు ఆ కోడ్‌లోనే కలిసిపోయింది. కార్మిక విషయాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి, రాష్ట్రం చేసే నియమాలు కోడ్‌తో ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ తగాదా పడతాయి అన్నది మిల్లు యజమానులకూ కార్మికులకూ ఇద్దరికీ ముఖ్యమే.

రెట్టింపు కూలి విషయంలో సుప్రీంకోర్టు ఇప్పటికే గట్టిగా మాట్లాడింది. 2020లో కరోనా పేరు చెప్పి గుజరాత్ ప్రభుత్వం రోజుకు 12 గంటల పనికి అనుమతిచ్చింది, ఓవర్‌టైమ్‌కు మామూలు కూలి చాలని ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది, కార్మికులకు ఓవర్‌టైమ్ కూలి చెల్లించాలని ఆదేశించింది. "చట్టం మారింది, ఇక డబుల్ లేదు" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మనక్కర్లేదు.

రంజాన్ నెల గురించి కూడా చాలా ఇళ్లల్లో అడుగుతుంటారు. సాయంత్రం గంట ముందుగా వెళ్లే వెసులుబాటు ప్రభుత్వం ఏటా ఉత్తర్వు ద్వారా ఇచ్చేది ప్రభుత్వ ఉద్యోగులకే. మిల్లులకు, దుకాణాలకు అది వర్తించదు. అక్కడ ఇఫ్తార్ వేళకు వెళ్లాలంటే యజమానితో ముందే మాట్లాడుకోవాలి. షిఫ్టులు మార్చుకునే ఒప్పందం రాతలో ఉంటే ఇంకా మంచిది.

ఈఎస్ఐలో సీజన్ మిల్లుల మినహాయింపు

ఇప్పుడు అసలు విషయం. ఈఎస్ఐ చట్టం కూడా 1948 నాటిదే. పది మంది, ఆపైన పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. యజమాని జీతంలో 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. 12,000 రూపాయల జీతానికి యజమాని వాటా 390, కార్మికుడి వాటా 90. దానికి బదులు కుటుంబం మొత్తానికి వైద్యం ఉంటుంది. జబ్బు చేసి ఇంట్లో ఉంటే, చందా షరతులకు లోబడి, ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. పనిలో ప్రమాదం జరిగి అంగవైకల్యం వస్తే జీతంలో 90 శాతం లెక్కన భృతి ఉంటుంది.

కానీ ఈ చట్టం నుంచి "సీజనల్ ఫ్యాక్టరీ"లను మినహాయించారు. సీజనల్ ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పే జాబితాలో మొదట ఉన్నదే పత్తి జిన్నింగ్. తర్వాత పత్తి, జనపనార ప్రెస్సింగ్. ఆ తర్వాత వేరుశనగ కాయ ఒలిచే పని. కాఫీ, నీలిమందు, లక్క, రబ్బరు, చక్కెర, టీ కూడా ఉన్నాయి. మొదటి మూడు పేర్లు చదివితే ఆదోని మిల్లుల వీధి గుర్తొస్తుంది. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈఎస్ఐ అధ్యాయం "సీజనల్ ఫ్యాక్టరీ మినహా" అనే మొదలవుతుంది.

ఆ రోజుల్లో దీనికి కారణం లేకపోలేదు. కొన్ని నెలలే నడిచే మిల్లులో ఏడాది పొడవునా చందా ఎలా వసూలు చేస్తారు, చందా లేని నెలల్లో వైద్యం ఎలా ఇస్తారు అన్నది లెక్క. ఇప్పుడు ఖాతాలన్నీ ఆధార్‌తో, ఫోన్‌తో నడుస్తున్నాయి. పల్లె నుంచి వచ్చిన మనిషి అక్టోబర్‌లో ఒక మిల్లులో, మార్చిలో ఇంకో చోట పనిచేసినా చందా లెక్క దొరుకుతుంది. కానీ మినహాయింపు మాత్రం కదల్లేదు.

అయినా ఈ మినహాయింపులో ఒక పదం చూసుకోవాలి. మిల్లు ఆ పనుల్లోనే "పూర్తిగా" నిమగ్నమై ఉండాలి. వాటికి అనుబంధంగా చేసే పనులను కలుపుకున్నారు గానీ, వేరే వ్యాపారాన్ని కలపలేదు. ఒకే ఆవరణలో జిన్నింగ్‌తో పాటు ఏడాదంతా నూలు వడికే మిల్లు నడుస్తుంటే అది సీజనల్ అని చెప్పుకోవడం కష్టం. ఇక్కడే యజమానికి కూడా ముప్పు ఉంది. సీజనల్ అనుకుని చందా కట్టకుండా ఉండి, తర్వాత ఈఎస్ఐ అధికారులు కాదంటే పాత బకాయిలు, వడ్డీ, నష్టపరిహారం అన్నీ కలిపి ఒకేసారి నోటీసు వస్తుంది.

ఈఎస్ఐ లేకపోతే ఏం మిగిలింది?

ఏమీ లేదనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. అది నిజం కాదు. ఈఎస్ఐ వర్తించని చోట ప్రమాద పరిహారం బాధ్యత నేరుగా యజమాని మీద పడుతుంది. 1923 నాటి పరిహార చట్టం ఇదే చెప్పేది, ఇప్పుడు అది సామాజిక భద్రతా కోడ్‌లో ఒక అధ్యాయం. యజమాని తప్పు ఉందని నిరూపించనక్కర్లేదు. పని చేస్తుండగా, పని వల్ల ప్రమాదం జరిగితే చాలు.

ఎంత వస్తుందో చూద్దాం. పూర్తిగా పనికి పనికిరాని స్థితి వస్తే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చిస్తారు. 30 ఏళ్ల వయసుకు ఆ అంకె 207.98. నెలకు 12,000 సంపాదించే కార్మికుడికి 7,200 ను 207.98 తో హెచ్చిస్తే 14,97,456 రూపాయలు. అంటే దాదాపు పదిహేను లక్షలు. ఆసుపత్రి ఖర్చు పెట్టుకుని, చేతిలో ఎంతో కొంత పెట్టి రాజీ పత్రం మీద వేలిముద్ర వేయించుకునే ముందు ఆ ఇంట్లో ఈ లెక్క తెలిసి ఉండాలి.

"ఒక చేయే కదా పోయింది, పూర్తి వైకల్యం ఎలా అవుతుంది" అన్న వాదన వస్తుంది. 1975లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. పనిలో ఆయన ఎడమ చేయి మోచేతి పైదాకా పోయింది. ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమే అని కోర్టు చెప్పింది. పరిహారం బాధ్యత ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని కూడా తేల్చింది. జిన్ను దగ్గర, ప్రెస్సు దగ్గర బతికే మనిషికి ఈ తీర్పు చాలా దగ్గరిది. అయితే క్లెయిమ్ రెండేళ్లలోపు వేయాలి.

యజమానుల వైపు నుంచి చూస్తే, చిన్న మిల్లుకు ఒక్క ప్రమాదంతో పదిహేను లక్షల భారం పడితే ఆ సీజన్ లాభం అంతా ఊడ్చుకుపోతుంది. అందుకే కార్మికుల పరిహారానికి సాధారణ బీమా కంపెనీలు పాలసీలు ఇస్తాయి. మిల్లుకు, సరుకుకు అగ్ని ప్రమాద బీమా చేయించే యజమాని కార్మికుల పాలసీ కూడా తీసుకోవడం అతని వ్యాపారానికే మేలు.

పీఎఫ్ సంగతి వేరు. 20 మంది, ఆపైన ఉన్న సంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. ఈఎస్ఐలో ఉన్నట్టు సీజన్ మిల్లులను అందులో పక్కన పెట్టలేదు. పీఎఫ్ ఖాతా ఉన్న కార్మికుడు చనిపోతే దానికి అనుబంధంగా ఉన్న బీమా కింద గరిష్టంగా 7 లక్షల వరకు కుటుంబానికి రావచ్చు. గ్రాట్యుటీలో కూడా సీజన్ వాళ్లకు చోటుంది. ఏడాదంతా పని చేసేవాళ్లకు ఏడాదికి 15 రోజుల కూలి అయితే, సీజన్ కార్మికులకు సీజన్‌కు 7 రోజుల కూలి. మిల్లు నడిచిన రోజుల్లో 75 శాతం హాజరైతే ఆ సీజన్ సర్వీసులో లెక్కకొస్తుంది. పది సీజన్లు ఒకే మిల్లులో చేసిన, 500 రూపాయల కూలి ఉన్న మనిషికి 35,000 రూపాయలు హక్కుగా రావాలి. హాజరు పట్టీలో పేరు లేకపోతే ఈ పదేళ్లూ ఎక్కడా కనిపించవు.

హమాలీకి యజమాని ఎవరు?

మార్కెట్ యార్డులో పత్తి బోరాలు, శనక్కాయ మూటలు మోసే హమాలీకి ఇంకో చిక్కు. రైతు సరుకు తెస్తాడు, కమీషన్ ఏజెంటు అమ్మి పెడతాడు, మిల్లు కొంటుంది, హమాలీ కూలి మూటల లెక్కన వస్తుంది. దెబ్బ తగిలితే ముగ్గురూ "మావాడు కాదు" అనవచ్చు.

ఈ ప్రశ్న కోర్టులకు కొత్తది కాదు. హైదరాబాద్ ఈఎస్ఐ కార్యాలయానికి, ఒక ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు మధ్య నడిచిన రాజకమల్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. అక్కడ సరుకు ఎక్కించి దించే హమాలీలు ఈఎస్ఐ చట్టం కింద ఆ సంస్థ ఉద్యోగులే అని చెప్పింది. అంతకు ముందు 1973లో సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో, పీసుకు ఇంత అని తీసుకునే దర్జీలు కూడా దుకాణం ఉద్యోగులే అని తేల్చింది. అది కూడా తెలంగాణ ప్రాంత షాపుల చట్టం కింద మన దగ్గర నుంచే వెళ్లిన కేసు. కుట్టు మిషన్లు దుకాణానివి. కుట్టు బాగాలేకపోతే వెనక్కి ఇచ్చి మళ్లీ కుట్టించే అధికారం యజమానిది. ఆ రెండూ చూసి కోర్టు ఆ నిర్ణయానికి వచ్చింది. ఆదోనిలో, ఎమ్మిగనూరులో దర్జీ పని మీద బతికే ముస్లిం కుటుంబాలు ఎన్నో. పండగ ముందు రాత్రంతా కుట్టే కుర్రాడికి "పీసు రేటు కాబట్టి నువ్వు వర్కర్‌వి కావు" అనే మాట యాభై ఏళ్ల కిందటే చెల్లకుండా పోయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ, సంక్షేమం కోసం ప్రత్యేక చట్టమే చేశారు. మహారాష్ట్రలో మాథాడి కార్మికులకు 1969లో వచ్చిన చట్టం కింద బోర్డులు ఏర్పడ్డాయి. కూలి మీద కొంత శాతం వసూలు చేసి పీఎఫ్, గ్రాట్యుటీ, వైద్యం చూస్తాయి. ఇక్కడి హమాలీ సంఘాలు మాత్రం సంక్షేమ బోర్డు కావాలని ఇంకా అడుగుతూనే ఉన్నాయి.

వ్యాపారి మీద పడే బరువు

చట్టాల భారం యజమానుల మీద లేదని కాదు. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం కింద వ్యాపారి మార్కెట్ ఫీజు కట్టాలి. ఆ ఫీజును వంద రూపాయలకు 50 పైసల నుంచి రూపాయికి పెంచినప్పుడు రాష్ట్రంలోని వ్యాపారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో కోర్టు పెంపును సమర్థించింది. కట్టిన ప్రతి రూపాయికీ కట్టినవాడికే సేవ తిరిగి రావాలని లేదు, మొత్తం మీద మార్కెట్‌కు సేవ అందుతుంటే చాలు అంది. ఆ తీర్పు వ్యాపారికి ఓటమిలా కనిపించినా ఇంకో వైపు ఉంది. ఫీజు తీసుకుంటున్నది సేవ కోసమే అని ఒప్పుకున్నాక, యార్డులో షెడ్డు, నీళ్లు, విశ్రాంతి గది, మొదటి చికిత్స అడిగే హక్కు రైతుకు, హమాలీకి, వ్యాపారికి ముగ్గురికీ వచ్చింది.

2017 నవంబర్ 15 నుంచి రైతు దగ్గర కొన్న ముడి పత్తికి జీఎస్టీని మిల్లే రివర్స్ చార్జ్ కింద 5 శాతం కట్టాలి. తర్వాత దూది అమ్మినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 వరకు కేంద్రం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. బట్టల మిల్లులకు అది ఊరట. సరిగ్గా కొత్త పంట యార్డుకు వచ్చే నెలల్లో కాబట్టి రైతుకు దిగులు. ధర పడితే రైతు సరుకు ఆపుతాడు, సరుకు ఆగితే మిల్లు ఆగుతుంది, మిల్లు ఆగితే హమాలీకి ఆ రోజు కూలి లేదు. ఢిల్లీలో ఒక ఉత్తర్వు ఆదోనిలో నాలుగిళ్ల పొయ్యి మీద పడేది ఇలాగే.

కొత్త కోడ్ చిన్న మిల్లులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు అది ఇరవై. 15 మందితో నడిచే మిల్లు ఫ్యాక్టరీ లెక్క నుంచి బయటికి వెళ్తుంది. యజమానికి కాగితాల పని తగ్గుతుంది. కార్మికుడికి ఫ్యాక్టరీలకు ప్రత్యేకంగా ఉన్న రక్షణలు తగ్గుతాయి. అయితే పది మంది ఉన్న ప్రతి సంస్థకూ భద్రతా కోడ్‌లోని సాధారణ బాధ్యతలు వర్తిస్తాయి. కనీస వేతనం అయితే ఒక్క మనిషి ఉన్నా వర్తిస్తుంది.

ఎమ్మిగనూరు మగ్గం

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఒకప్పుడు దేశమంతా పేరు తెచ్చుకుంది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేనేతను కాపాడటానికి 1985లో పార్లమెంటు రిజర్వేషన్ చట్టం చేసింది. కొన్ని రకాల బట్టలు మగ్గం మీదే నేయాలి, పవర్‌లూమ్ మీద నేయకూడదు. పవర్‌లూమ్ యజమానులు సవాలు చేస్తే 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. మొదట 22 రకాలున్న జాబితా తర్వాత 11కు తగ్గింది. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి వంటివి అందులో ఇంకా ఉన్నాయి. కానీ బజారులో చేనేత పేరుతో పవర్‌లూమ్ సరుకు అమ్ముడవుతుంటే తీర్పు గెలిచిన నేతగాడికి గిరాకీ రాదు. చట్టం అమలు చేసే తనిఖీ ఎంత ఉంటే ఆ గెలుపుకు అంతే విలువ.

ఇక్కడ కూడా లెక్కలో ఉండటమే సమస్య. గత ప్రభుత్వం 2019 డిసెంబరులో తెచ్చిన నేతన్న నేస్తం కింద ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు, అది సొంత మగ్గం ఉన్న కుటుంబాలకు. పక్క ఇంటి మగ్గం మీద కూలికి నేసేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు ఆ లెక్కలో లేరు. దూదేకుల అన్న పేరులోనే పత్తి పని ఉన్న కుటుంబాలకు ఈ అనుభవం పాతదే. దూది ఏకే పని మిషన్ల చేతికి పోయినప్పుడు వాళ్లను కార్మికులుగా లెక్కపెట్టిన చట్టం లేదు.

ఇళ్లల్లో చేసుకోవలసినవి

కొత్త కోడ్‌ల కింద ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. అడగడం తప్పు కాదు. పత్రం ఇవ్వకపోతే కూలి ఫోన్ ద్వారానో బ్యాంకు ద్వారానో తీసుకుంటే అదే సాక్ష్యం. మేస్త్రీ చేతి నుంచి తీసుకునే కూలి అయితే తేదీలతో ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. అడ్వాన్సు తీసుకుంటే ఎంత తీసుకున్నది, ఎంత కోసుకున్నది రాయించుకోవాలి.

కూలి బకాయిల మీద మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. ప్రమాదం జరిగితే ఆసుపత్రిలో "పనిలో జరిగింది" అని స్పష్టంగా రాయించాలి. ఇంట్లో పడ్డాడని రాయిస్తే తర్వాత కేసు నిలవడం చాలా కష్టం. యజమానికి, లేబర్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స జరిగినా పరిహారం హక్కు పోదు, రెండూ వేరు. లాయరు ఫీజుకు భయపడేవాళ్లు న్యాయ సేవా కమిటీని కలవవచ్చు. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు అక్కడ ఉచితంగా సాయం అందాలి. ఈ-శ్రమ్ కార్డు, ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే బ్యాంకు పథకం కూడా సీజన్ మొదలయ్యే ముందే చేయించుకోవాలి.

మిల్లు యజమానులు, కార్మిక సంఘాలు కలిసి చేయగలిగింది కూడా ఒకటుంది. సామాజిక భద్రతా కోడ్‌లో యజమాని, మెజారిటీ ఉద్యోగులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో స్వచ్ఛందంగా చేరే ఏర్పాటు ఉంది. సీజన్ మిల్లులకు ఆ దారి తెరవాలని, హాజరైన నెలలకే చందా, దానికి తగ్గ వైద్యం ఉండాలని ఆదోని నుంచి రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలకు అర్జీ వెళ్లాలి. మార్కెట్ కమిటీ ముందు హమాలీల బీమా విషయం పెట్టాలి. వచ్చే సీజన్‌కు జిన్నులు తిరగడం మొదలయ్యేలోపు ఈ రెండు అర్జీలూ వెళ్తే మంచిది.